వియ్యపురాలి లివర్

మార్చి 3

టార్విన్ చరిత్ర నన్నే రాయమంది మ్యూజియం డైరెక్టరమ్మ. గోడ మీదికి బోర్డులు, చేతికివ్వడానికి ఒక బ్రోషర్. టార్విన్ అంటే మట్టి తవ్వే మిషన్, మా అమ్మ చిన్నప్పటిది. ఎక్స్‌కవేటర్ కంపెనీల పేర్లు చెప్పమంటే ఎవరి నోటా ఈ పేరు రాదు. ఆ కంపెనీ పెట్టింది డైరెక్టరమ్మ తాతగారు కాబట్టి మాకు తప్పదు. తుప్పు గీకి, ఎర్ర రంగేసి పెళ్లికూతురిలా షెడ్డులో నిలబెట్టారు.

ప్రారంభం రోజు జనం ముందు దాన్ని నడుపుతారు. నడిపేది మా ఆయన, ఇప్పటి ఎక్స్‌కవేటర్లు నడపడమే ఆయన పని. నేనే చెప్పి పెట్టించాను. ఎదురుగా నిలబడి చేత్తో సైగలు చేసేది మా తమ్ముడు. బావాబావమరుదులు ఏ పనికెళ్లినా జంటే. మరదలికి ఏడో నెల. వద్దన్నా ఆ రోజు చూడ్డానికి వస్తానంటోంది.

మార్చి 6

నాకిచ్చిన కాగితాల నిండా గొప్పలే. తాతగారు మొదట నీళ్ల పంపులు చేసేవారు. తర్వాత ఈ మిషన్లు. చేసిన కొన్నేళ్లూ ఊపుగా చేసి, ఉన్నట్టుండి షట్టర్ దించేశారు. ఎందుకు మూశారని డైరెక్టరమ్మను అడిగితే మార్కెట్ బాగోలేదట. ఫోన్ చూసుకుంటూ చెప్పింది.

మార్చి 9, మధ్యాహ్నం

టార్విన్ మిషన్లు అమ్మిన సేల్స్‌మన్ ఒకాయన ఇంకా ఉన్నాడు. కూతురి దగ్గర ఉంటున్నాడు. పళ్లు పోయాయి గానీ నోరు పోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ముందు ఒక మిషన్ అమ్మినంత పని చేశాడు. ఆపరేటర్లు దాన్ని వియ్యపురాలు అనేవాళ్లట. రమ్మంటే పోతుంది, పొమ్మంటే వస్తుంది కనక. పడీ పడీ నవ్వాను.

సంగతేమిటంటే, మిగతా మిషన్లలో కుడి లివర్‌ని మన వైపు లాగితే బూమ్, అంటే ఆ పొడవాటి చెయ్యి, పైకి లేస్తుంది. ముందుకు తోస్తే దిగుతుంది. టార్విన్‌లో తోస్తే లేస్తుంది, లాగితే దిగుతుంది. బరువు పైకెత్తాలంటే మనిషి తోస్తాడా, లాగుతాడా అని వాదించేవారట తాతగారు. కంపెనీలన్నీ ఒక దారికొచ్చినా ఈయన రాలేదు. తిరగబడింది నా లివర్ కాదయ్యా, లోకం అనేవారట.

మరి ఎందుకు మూశారని అడిగాను. ఆయన నవ్వు ఆగిపోయింది. ఎవడైనా నాలుగు రోజుల్లో నేర్చేసుకుంటాడమ్మా, పని శుభ్రంగా చేస్తాడు, ఉలిక్కిపడితే మాత్రం పాత అలవాటే ముందుకొస్తుంది అన్నాడు. బెదిరినవాడు దేన్నైనా తన వైపుకే లాక్కుంటాడట. లాగితే బూమ్ దిగుతుంది. ఎవరి మీద దిగిందో నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. సైగలు చేసేవాడి మీద. ఒక్క చోట కాదు.

వాళ్లమ్మాయి కాఫీ తెచ్చేలోపే లేచి వచ్చేశాను.

మార్చి 10

మా ఆయనకు చెప్పాను. తెలుసన్నాడు. షెడ్డులో మొదటి రోజే చూసుకున్నాడట, చెయ్యి అలవాటు పడిపోయిందట. తమ్ముడికి చెప్పాను. బావ ఉండగా నాకేం భయమక్కా అన్నాడు. దేవుడు వీళ్లిద్దరికీ కలిపి ఒక్క బుర్ర ఇచ్చినా బాగుండేది.



మార్చి 12

మిషన్ బాగుచేసిన ఫిట్టర్ని పట్టుకున్నాను. కింద రెండు పైపులు అటూ ఇటూ మారిస్తే లివర్ ఇప్పటి పద్ధతికి వచ్చేస్తుందట. పూట పని. పరుగున వెళ్లి డైరెక్టరమ్మకు చెప్పాను. ససేమిరా అంది. మా తాత మిషన్‌కి ఉన్న విశేషం అదొక్కటే, అదీ తీసేస్తే ఇంకేం చూపించమంటావు అంది. పోనీ తమ్ముణ్ని జనం ముందు కట్టే తాడు అవతల నిలబెట్టండి అన్నాను. ఎదురుగా మనిషి లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరట.

చనిపోయినవాళ్ల గురించి బోర్డులో రాసి ఇచ్చాను. కొట్టేసి, ‘వినూత్నమైన నియంత్రణ విధానం’ అని రాసుకుంది.

ఇంటికొచ్చి మా ఆయన్ని మానుకోమన్నాను. మాటిచ్చాను కదా అన్నాడు. పైగా పెట్టించింది నువ్వే అన్నాడు.

మార్చి 14, ఉదయం

కుర్చీలో కూర్చుని రెండు గరిటెలు నిలబెట్టి పట్టుకుని ప్రాక్టీస్ చేస్తున్నాడు. తోస్తే పైకి, లాగితే కిందికి. తనలో తనే అనుకుంటున్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు. వంటింట్లోంచి స్టీలు పళ్లెం తీసుకెళ్లి ఆయన వెనకాల వదిలేశాను.

కుడి చెయ్యి గరిటెను పొట్టకేసి లాక్కుంది.

ఆయన గరిటెవైపే చూస్తూ ఉండిపోయాడు. నన్ను తిట్టనైనా తిట్టలేదు. నాకు నిజంగా భయం పట్టుకున్నది అప్పుడే.

మార్చి 15

ఫిట్టర్ ఇంకో మాట చెప్పాడు. లివర్ వదిలేస్తే స్ప్రింగు దాన్ని మధ్యకు తెచ్చేస్తుంది. బూమ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అంటే ఆ క్షణంలో చేతులు తీసేస్తే చాలు.

మా ఆయనకు చెప్పాను. సరే, నన్ను బెదిరించు అన్నాడు.

మార్చి 16

పళ్లెం. లాగాడు. తలుపు. లాగాడు. వెనక నుంచి కేక పెట్టాను. లాగాడు.

మార్చి 19

పొద్దున లేచింది మొదలు ఇదే పని. పక్కింటావిడ వచ్చి మీ ఇద్దరికీ ఏమైనా గొడవా అని మెల్లిగా అడిగింది. పళ్లెం సొట్టలు పడిపోయింది. ఆయనకు ఏ వైపు నుంచి ఏం మోగుతుందో తెలియదు, భుజాలు బిగించుకుని తిరుగుతున్నాడు. నేను చెప్పులు విప్పినా అటు తిరుగుతున్నాడు. పెళ్లయ్యాక ఈయన్ని నేనింత భయపెట్టలేదు. పాపం అనిపిస్తుంది. తమ్ముడు గుర్తొస్తాడు. మళ్లీ పళ్లెం తీస్తాను.

సాయంత్రం బెలూన్ పేల్చాను. గరిటెలు రెండూ కింద పడ్డాయి. చేతులు భుజాల పైకి లేచాయి, పోలీసులకు దొరికిన దొంగలా. ఇంకోటి పేల్చాను. మళ్లీ లేచాయి. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతూనే ఏడుపొచ్చింది.

మార్చి 23, మధ్యాహ్నం

మ్యూజియం బాత్‌రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. బయట ప్రారంభోత్సవం ఇంకా నడుస్తోంది.

మా ఆయన బూమ్ చివరి బకెట్ నిండా మట్టి ఎత్తాడు. తమ్ముడు సైగ చేస్తూ చేస్తూ, మరదలు కనిపించిందేమో, అటు చూసి రెండడుగులు ముందుకు వచ్చేశాడు. సరిగ్గా బూమ్ కింద. డైరెక్టరమ్మ మైక్ అందుకుంది. అది చెవులు పగిలేలా కీచుమంది. నేను కళ్లు మూసుకున్నాను. మూసుకోకూడదనుకుంటూనే మూసుకున్నాను.

తెరిచేసరికి మా ఆయన రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. బకెట్ తమ్ముడి తలకు జానెడు ఎత్తులో ఆగి ఉంది. కాస్త మట్టి రాలి వాడి జుట్టులో పడింది. వాడు దులుపుకుంటూ పక్కకు వచ్చేశాడు. మా ఆయన తమకు చేతులు ఊపుతున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. వాళ్లూ చేతులు ఊపారు.

ఆయన దిగి వచ్చి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. ఏమైంది బావా అంటున్నాడు వాడు. ఈయన భుజం వదల్లేదు.

ఏప్రిల్ 2

బెలూన్లు పారేశాను. కొత్త పళ్లెం కొన్నాను.

జూన్ 21

తమ్ముడి కూతుర్ని మొదటిసారి మా ఇంటికి తెచ్చారు. మా ఆయన మంచం పక్కన నిలబడి ఎత్తుకున్నాడు. గాలికి తలుపు దబ్బున కొట్టుకుంది.

పాప పరుపు మీద పడింది. ఏడుస్తోంది. దెబ్బేం తగల్లేదు.

ఆయన చేతులు ఇంకా పైనే ఉన్నాయి.