మొదటి మునకకే ఒడ్డెక్కితే

రేపల్లె, 1991, ఆదివారం రాత్రి

చెవిలో గొంతులు తగ్గాయని మాత్రలన్నీ ఒక్కసారే మానేశాను. అప్పటి నుంచి నిద్ర లేదు, చేతుల వణుకు ఆగదు. అయినా ఈ ఉదయం నేను పాస్టరుగా ఉన్న గుడిలో, ప్రభువు నన్ను బాగుచేశాడని స్వస్థత సాక్ష్యం చెప్పబోతుంటే, స్త్రీల వైపు నుంచి నా భార్య మార్తమ్మ లేచింది.

"ఏంటండీ, బైబిల్లో ఆ కుష్ఠు సేనాధిపతి నదిలో ఏడు మునకలు వేశాకే శుద్ధుడయ్యాడని మీరేగా అరిచి చెప్పారు! మొదటి మునకకే ఒడ్డెక్కి సాక్ష్యమా? తెనాలి డాక్టరుగారు మెల్లగా తగ్గిద్దామన్నారు కదండీ!"

ప్రభువా, నా ప్రసంగంతోనే నా నోరు మూయించావు! స్తోత్రం! సాయంత్రమే తెనాలి వెళ్ళాం. మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తగ్గిస్తామన్నారు. ఇప్పుడే మింగాను. అక్షరాలు వంకరగా పడుతున్నా గుండె గంతులేస్తోంది. సాక్ష్యం ఏడో మునక తర్వాతే. ఈలోగా ఆ గొంతులు తిరిగొస్తే... వస్తే రానీ, మార్తమ్మ గొంతు వాటికన్నా పెద్దది.