ఆ నల్ల చట్రంలో ఉన్నది నేను కాదు

హాంకాంగ్, కౌలూన్, షామ్ షూయ్ పోలో నాలుగో అంతస్తున కాపురముంటున్న హుయ్ కమ్-షెంగ్ అనే నేను, సినిమా జనానికి హుయ్ తిత్-సాన్‌గా, అనగా ఇనుపకొండగా తెలిసినవాణ్ణి, డెబ్భై రెండేళ్ల వయసులో, నా సొంత బుద్ధితో, నా సొంత చేతిరాతతో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా రాసుకుంటున్న ఆఖరి మరణశాసనం ఇది. ఇంతకు ముందు రాసిన రెండూ ఇందుమూలంగా రద్దు. బుద్ధి నిలకడగా ఉన్నట్టు డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. నిలకడగా లేనివి మోకాళ్లూ, ఎడమ భుజమూ, పోయిన వేసవి నుంచి కాలేయమూ. కాలేయం సంగతి డాక్టరు నవ్వు మొహం పెట్టుకుని దాచాలని చూశాడు. యాభై ఏళ్లు కెమెరా ముందు నిలబడ్డవాడికి ఆ మాత్రం నటన తెలియకుండా పోతుందా?

దీని అమలు బాధ్యత న్యాయవాది ఔ యూంగ్ గారిది. "ఇన్ని కబుర్లు అక్కర్లేదండీ, ఆస్తి ఏదో, ఎవరికో రాస్తే చాలు" అన్నారావిడ. నేను ఒప్పుకోలేదు. నా సినిమాల్లో నాకు మాటలు తక్కువ, అరుపులు ఎక్కువ. చివరికైనా నన్ను మాట్లాడనివ్వాలి.

1. అంత్యక్రియలు. హంగ్ హోమ్ అంత్యక్రియల శాలలో చిన్న గది చాలు, ఒక్క రోజు చాలు. సింహనృత్యాలు వద్దు. నా సినిమా ముక్కలు తెరమీద వేయొద్దు. డైరెక్టర్ సెటో వస్తే కూర్చోనివ్వండి. తప్పకుండా వస్తాడు, కెమెరాలున్న చోటికి రాకుండా ఉండలేడు. మైకు మాత్రం చేతికివ్వొద్దు. బూడిద పెట్టే గూడు కోసం దరఖాస్తు పెడదామని అడిగితే ఏళ్లు పడుతుందన్నారు. ఈ ఊళ్లో బతికున్నవాడికి గది దొరకడం ఒక ఎత్తు, పోయినవాడికి గూడు దొరకడం మరో ఎత్తు. నన్ను సముద్రంలో కలిపేయండి. దానికి పడవ సర్కారే నడుపుతుంది.

2. గురువుగారి బెత్తం. అల్మారా పైన, పాత తువ్వాల్లో చుట్టి ఉంది.

ఎనిమిదో ఏట మా అమ్మ నన్ను ఫాన్ గురువుగారి నాటకాల బడిలో అప్పగించి, పదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసింది. పిల్లవాడు దెబ్బలు తిని చచ్చినా అడిగే హక్కు తల్లికి లేదని ఆ కాగితంలో రాసుంది. అమ్మకు చదువు రాదు. వచ్చినా వేసేదే, ఇంట్లో ఇంకా నలుగురు పిల్లలున్నారు. ఆ బడిలో ఒకడు తప్పు చేస్తే పదమూడుమందికీ దెబ్బలు. పిల్లిమొగ్గలో ఎవడి కాలు వంగినా సరే, అందరం బల్లల మీద బోర్లా పడుకోవాల్సిందే. "ఒక్కడి తప్పు అందరి తప్పురా. స్టేజి మీద ఒక్కడు తూలితే నాటకం మొత్తం పోతుంది" అనేవారాయన, బెత్తం నీళ్లలో ముంచుతూ.

నా పక్క బల్ల పూన్ యావ్-క్వోక్‌ది. నాకంటే రెండేళ్లు చిన్న, బడిలో నాకు తమ్ముడు. నా తప్పులకు వాడు తిన్న దెబ్బలే ఎక్కువ, ఎందుకంటే వాడు తప్పులు చేసేవాడు కాదు. గాలిలో వాడంత తేలిగ్గా తిరిగేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. కానీ మొహం నాది బాగుండేది. సినిమావాళ్లకు అదే కావాలి. నేను హీరోనయ్యాను, వాడు నాకు డూప్ అయ్యాడు.

ఆ బెత్తాన్ని నాతోపాటు పెట్టెలో పెట్టి కాల్చేయండి. మ్యూజియం వాళ్లు అడుగుతారు. ఇవ్వొద్దు.

3. నా మాజీ భార్య యిప్ స్యూట్-ఫాంగ్‌కు మాజాంగ్ ఆట పలకల పెట్టె. అందులో ఒక పలక తక్కువని ఆమె పాతికేళ్లు పోట్లాడింది, పనిమనిషిని కూడా మాన్పించింది. ఆ పలక నా బూడిదరంగు కోటు జేబులో ఉంది. ఆమె ఆటకు కూర్చుంటే ఇల్లు పట్టదని నేనే తీశాను. ఆ పనిమనిషి ఇప్పుడెక్కడుందో తెలీదు. తెలిస్తే ఆమెకు ఈ మాట చెప్పండి.

4. నా ఒక్కగానొక్క కూతురు హుయ్ లాయ్-సిమ్‌కు బ్యాంకులో ఉన్నదంతా, మా అమ్మమ్మ పచ్చరాయి గాజు, దెబ్బల తైలం తయారీ కాగితం. లాయ్-సిమ్, ఆరేళ్లప్పుడు నువ్వు ముక్కాలిపీట మీద నిలబడి నా వీపుకు ఆ తైలం రాసేదానివి. "నాన్నా, ఇవాళ ఎన్ని అంతస్తుల నుంచి దూకావు?" అని అడిగేదానివి. నేను నోటికొచ్చిన అంకె చెప్పేవాణ్ణి. మర్నాడు బడిలో అది అందరికీ చెప్పుకునేదానివి, తల్లీ. ఆ అంకెలన్నీ అబద్ధాలు. వీపు నొప్పి ఒక్కటి నిజం.

5. నేను ఉంటున్న ఈ ఫ్లాటు, సర్వహక్కులతో, తాయ్ పో వృద్ధాశ్రమంలో ఉన్న పూన్ యావ్-క్వోక్‌కు. చక్రాల కుర్చీలో ఉన్నవాడికి లిఫ్టులేని నాలుగో అంతస్తు రాసిచ్చాడేమిటని ఎవరైనా నవ్వొచ్చు. అమ్ముకుని మెట్లు లేని చోట కొనుక్కోవాలని ఇస్తున్నాను. లాయ్-సిమ్, నీకు మనసు కష్టపెట్టుకునే హక్కుంది. ముందు ఆరో అంశం చదువు.

6. ఫొటో.

మార్చిలో నువ్వు నా చివరి ఫొటో సిద్ధం చేయించి తెచ్చావు. ముసలివాళ్లు తమ ఫొటో తాము బతికుండగానే ఎంచుకోవడం మన వాళ్లకు అలవాటే, అందులో తప్పు లేదు. "నాన్నా, ఇది తప్ప ఇంకోటి పెట్టేదే లేదు. నువ్వంటే ఊరందరికీ ఇదే కదా!" అన్నావు. పెద్దది చేయించి, నల్ల చట్రం కట్టించావు. టీ హౌస్ సినిమాలో మూడో అంతస్తు నుంచి, వీధి మీద కట్టిన గుడ్డ పందిళ్ల మీదకు దూకుతున్న ఫొటో. తెల్ల చొక్కా, చాచిన చేతులు, కెమెరా వైపు వీపు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా మంగలి షాపుల్లో, టీ కొట్లలో వేలాడుతున్నది అదే. నేను బాగుందన్నాను. నువ్వు వెళ్లాక దాన్ని అల్మారా వెనక్కి, గోడవైపు తిప్పి పెట్టాను. ఆనాటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

ఎందుకంటే అందులో ఉన్నది నేను కాదు. క్వోక్. క్వోక్ బతికే ఉన్నాడు.

మా సినిమా మనుషులకు ఇది ఎంత పాపమో బయటివాళ్లకు తెలియదు. కథలో ఎవరైనా పోయినట్టు చూపించడానికి నటుడి ఫొటోకు నల్ల చట్రం కట్టాల్సి వస్తే, చెడు తగలకుండా ముందు అతని చేతిలో డబ్బు పెట్టిన ఎర్ర కవరు పెడతారు. షాటు కాగానే ఆ ఫొటోను అతని కళ్లముందే చింపేస్తారు. అలా చేయలేదని షూటింగే ఆపేసిన వాళ్లను నేనెరుగుదును. అలాంటిది, రేపు నేను పోయాక క్వోక్ బొమ్మ ముందు అగరొత్తులు వెలిగించి, వందలమంది వరసగా నిలబడి మూడేసిసార్లు వంగుతారు. బతికున్నవాణ్ణి అందరూ కలిసి సాగనంపుతారు. వాడు ఆశ్రమంలో టీవీ ముందు కూర్చుని అది చూస్తాడు. వాడికి ఇప్పటికే చేసింది చాలు. ఇది కూడా చేయలేను.

కాబట్టి జరిగింది రాస్తున్నాను.

1978లో ఆ వీధి సెట్టులో క్వోక్ మొదటిసారి దూకినప్పుడు ఏ లోపమూ రాలేదు. మూడు పందిళ్లూ ఆపాయి, లేచి దులుపుకున్నాడు. గాలికి విగ్గు జారి అర క్షణం వాడి మొహం కనబడింది, అంతే. "అది ఎడిటింగులో కోసేస్తాలే, ఎవడికీ తెలీదు. భోజనాలకు పదండి" అన్నాడు సెటో. సెటోను నేను ఎన్ని తిట్టినా, ఆ రోజు ఆపుదామన్నది అతనే. కానీ కింద ఒక పత్రిక ఫొటోగ్రాఫరు నిలబడి ఉన్నాడు. హుయ్ తిత్-సాన్ డూప్ లేకుండా దూకుతాడని రాయడానికి వచ్చాడు. నేను గోడ చాటున, అదే తెల్ల చొక్కాలో దాక్కుని ఉన్నాను. మొహం కనబడని ఫొటో ఒకటి కావాలి నాకు. గోడ చాటు నుంచే, "ఇంకోసారి" అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. క్వోక్ మళ్లీ మెట్లెక్కాడు.

మొదటి దూకుడుకు మధ్య పందిరి కుట్టు దగ్గర చిరుగు పట్టింది. బెత్తెడు కూడా లేదు. దాన్ని నేను చూశాను. ఇది నా భార్యకు చెప్పలేదు, గురువుగారికి చెప్పలేదు, క్వోక్‌కు అసలే చెప్పలేదు. చూశాను, ఆపుతుందిలే అనుకున్నాను. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఫొటో తీసిన మరుక్షణం ఆ గుడ్డ రెండుగా చీలి, క్వోక్ నడుము రాళ్ల అరుగు మీద విరిగింది.

ఫొటోగ్రాఫరు దగ్గరికి రాకముందే క్వోక్‌ను వెనక నుంచి మోసుకెళ్లి, ఎవరో పనివాడు నిచ్చెన మీద నుంచి పడ్డాడని బయటికి చెప్పాం. నేను క్వోక్ పడినచోట పడుకుని, లేచి నిలబడే షాటు ఇచ్చాను. ఆసుపత్రిలో క్వోక్ మంచం పక్కన ఏడుస్తూ నిజం చెప్పేస్తానన్నాను. "ఛీ, నోరు మూసుకో అన్నా! డూప్ కనబడిపోతే వాడు డూప్ ఎలా అవుతాడు? నా పని కూడా చెడగొడతావా?" అన్నాడు. ఆ మాటను పట్టుకుని నేను ఇన్నేళ్లు బతికాను. ఏటా శరత్ పున్నమి పండుగకు రెండు పచ్చసొనల చంద్రుడి రొట్టెలు పట్టుకెళ్లడం, చదరంగం ఆడటం, ఓడిపోయి తిట్లు తినడం, బస్సెక్కి వచ్చేయడం. ఆ దూకుడు గురించి మళ్లీ మేం మాట్లాడుకోలేదు. మా బడిలో ఒకడి తప్పుకు అందరం దెబ్బలు తినేవాళ్లం. ఆ తర్వాత నా తప్పుకు వాడొక్కడే తిన్నాడు.

అందువల్ల నా ఆజ్ఞ: నా శవం ముందు నా గుర్తింపు కార్డు మీదున్న ఫొటో పెట్టండి. కళ్లు సగం మూసుకుని దొంగచూపు చూస్తుంటాను. అదే పెట్టండి. ఆ పెద్ద ఫొటో నల్ల చట్రం ఊడదీసి, మామూలు చెక్క చట్రం కట్టి, ఎర్ర కవరుతో సహా పూన్ యావ్-క్వోక్‌కు అప్పగించాలి. ఈ ఆరో అంశాన్ని అంత్యక్రియలకు వచ్చిన పత్రికలవాళ్ల ముందు పూర్తిగా చదివి వినిపించాలి.

7. సంతకాలకు ముందు నా చేత్తో చేరుస్తున్నది.

పై అంశాల్లో అయిదోదీ, ఆరోదాంట్లో ఫొటో అప్పగింతా కొట్టేస్తున్నాను. కారణం ఇది. చదివి వినిపించడానికి ముందు క్వోక్ ఒప్పుకోవాలి కదా అని ఈ రోజు వాణ్ణి న్యాయవాది ఆఫీసుకు పిలిపించాను. ఔ యూంగ్ గారు కాగితం మొత్తం చదివారు. చిరుగు దగ్గరకు వచ్చేసరికి నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. చదవడం అయ్యాక క్వోక్ చక్రాల కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, "సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు.

సాక్షిగా సంతకం పెడితే ఇల్లు కాదు గదా, చెంచా కూడా దక్కదని, అది చట్టమని ఆవిడ చెప్పారు. "మరీ మంచిది. ఇల్లు పిల్లకివ్వండి. దూకింది ఎవడో చెప్పే కాగితానికి నేను గాక ఇంకెవడమ్మా సాక్షి?" అన్నాడు. కాబట్టి ఫ్లాటు లాయ్-సిమ్‌కు. వెంట తెచ్చిన ఫొటోకు నల్ల చట్రం ఇక్కడే ఊడదీయించాను. ఎర్ర కవరు వాడి చేతిలో పెట్టాను. ఫొటో ఒళ్లో నిలబెట్టుకుని చూసి, "విగ్గు బాగా కుదిరిందిరా" అన్నాడు. "అన్నా" అని పిలవలేదు. అరవై ఏళ్లలో మొదటిసారి.

తర్వాత నావైపు చూడకుండా ఇంకో మాట చెప్పాడు. "ఆ చిరుగు నాకూ కనబడింది, పైనుంచి ఇంకా బాగా కనబడుతుంది. అన్న చూసే ఉంటాడు, ప్రమాదమైతే ఆపేవాడు కదా అనుకుని దూకాను."

క్షమించానని వాడు అనలేదు. నేను అడగలేదు. ఆరో అంశం చదవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. పైన రాసినదంతా చదివి, అర్థం చేసుకుని, ఈ ఇద్దరు సాక్షులూ చూస్తుండగా సంతకం చేస్తున్నాను.

2016 సెప్టెంబరు 15, శరత్ పున్నమి పండుగ, కౌలూన్.

(సంతకం) హుయ్ కమ్-షెంగ్

సాక్షులు:

క్వాన్ మేయ్-హా. వృత్తి: న్యాయవాది ఆఫీసులో గుమాస్తా.

పూన్ యావ్-క్వోక్. వృత్తి: టీ హౌస్ సినిమాలో దూకినవాడు.