కార్ల ఊళ్లో పని లేదు

టురిన్, నవంబరు

తమ్ముడు జోజికి,
నేను కులాసాగానే ఉన్నానని అమ్మకు చెప్పు.

"కార్ల ఊరికి పోతన్నావు, నీకేం తక్కువ అన్నయ్యా" అన్నావు ఆనాడు ఆటోనగర్‌లో. ఈ కార్డు వెనక బొమ్మలోని ఐదంతస్తుల మేడ ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీ. మిద్దె మీదే కార్లు తోలి చూసేవారట. ఇప్పుడందులో బట్టల కొట్లు, హోటలు. ఇక్కడికొచ్చి నేను పనిచేసిన స్పేరు పార్టుల షెడ్డు మూసేశారు. ఈ మేడలోనే మెట్లు తుడుస్తున్నాను. నాతో తుడిచే ముసలాయన "మా నాన్న ఇక్కడే ఇంజన్లు బిగించాడయ్యా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రాజుల కోటలు, మ్యూజియాలు చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. అమ్మ చూసి రమ్మన్న, ప్రభువు దేహానికి చుట్టారనే వస్త్రం పెద్ద గుళ్లో పెట్టెలో ఉంది, బయటికి తీయడం లేదు. మూసిన పెట్టె ముందే మోకరించి వచ్చాను.

లేతు మిషను అమ్మేసి ఇక్కడికి వస్తానంటున్నావు. రావద్దు, అమ్మొద్దు. కవరులో రాస్తే అమ్మకు చదివేటప్పుడు ఈ మాట దాటేస్తావని కార్డు రాశాను. కంకిపాడు పోస్టుమాన్ చదివి అమ్మకు చెప్పినా సరే. మిషనుకు నూనె పెట్టి ఉంచు. దాని పక్కన నాకు నిలబడే చోటుంటే చాలు.

అమ్మకు దణ్ణాలు. పిల్లల్ని ప్రభువు చల్లగా చూడాలి.

మీ అన్నయ్య,
ఇన్నయ్య