తమ్ముడి జాతకం, అక్క సాక్ష్యం

హట్టన్, సిలోన్
1934, మాసి నెల 5

అక్క నాగమ్మాళ్‌కు తమ్ముడు అప్పాసామి వంగి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేనూ నా దగ్గూ క్షేమం. కోవిల్‌పట్టిలో నీ క్షేమం తెలుపగలవు.

తేయాకు తోటలో స్టోరుకీపరు పని మాని మూడు నెలలైంది. తోటవాళ్ల ఇల్లు ఖాళీ చేసి హట్టన్ ఊళ్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. పరదేశంలో బతకడం ఇంత పనని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తెలియలేదు. ఇక్కడ రోజూ వానే. పంచె ఆరదు. కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద పరిచి ఆరబెట్టుకోవాలి. నిన్న ఒకటి సగం కాలింది. మిగిలిన సగం తువ్వాలుగా వాడుతున్నాను. సంతలో సింహళంలో పచ్చిమిరపకాయలు అడిగితే ఎండుచేపలు కట్టి ఇచ్చారు.

ఇల్లు అద్దెకిచ్చినావిడ పేరు తంగమ్మాళ్. తోట ఆసుపత్రిలో మంత్రసానిగా ఉండి, ఆవిడా నాలాగే పని మానింది. దగ్గుకు కషాయం కాచి ఇస్తుంది. విరుదునగరం మిరపకాయలతో కారం కొట్టించి పంపు.

నీ తమ్ముడు,
అప్పాసామి

తా.క.: అరుప్పుకోట్టై నేత చీర ఒకటి పంపు. ముదురు నీలం.

మరో తా.క.: నా జాతకం కూడా పంపు. ఊరికే.

*

కోవిల్‌పట్టి
మాసి నెల 16

చిరంజీవి అప్పాసామిని అక్క నాగమ్మాళ్ దీవించి, ఆ వెంటనే కోపించి రాసేది.

నీ జాబులో నేను ముందు తాజా కలాలే చదువుతాను. చిన్నప్పటినించీ నీ అసలు సంగతి చివరనే ఉంటుంది. ఊరికే జాతకం అడిగేవాణ్ణి మన కరిసల్ నల్లరేగడి నేల మీద నేనెక్కడా చూడలేదు. జాతకం, చీర, మంత్రసాని. ఈ మూడూ ఒకే జాబులో వస్తే నాకు తెలియకపోతుందా? నీ పెళ్లాం పోయి పన్నెండేండ్లాయె. ఆ పొద్దు నేనే సంబంధం చూస్తానంటే వద్దంటివి. ఇప్పుడు యాభైయెనిమిదేండ్లకు జాతకం కావాల్సి వచ్చెనా?

పని మానితే నేరుగా ఇంటికి వస్తావని నీకోసం తూర్పు గదికి సున్నం కొట్టిస్తిని. కిటికీకి కొత్త రెక్కలు పెట్టిస్తిని. నువ్వేమో వాన కురిసే ఊళ్లో పంచెలు కాల్చుకుంటున్నావు.

కారం పంపిస్తిని. జాతకం పంపను.

నీ అక్క,
నాగమ్మాళ్

తా.క.: ఆ మంత్రసాని వంట కూడా చేస్తుందా? ఊరికే అడుగుతున్నా.

*

హట్టన్
మాసి నెల 27

అక్కకు అప్పాసామి నమస్కరించి, మనసు నొచ్చుకొని రాసేది.

నీ ఊహ ఎక్కడికి పోయింది అక్కా! జాతకం అడిగింది నేను కాదు, ఆఫీసు. పెన్షను ఇచ్చేవాళ్లు వయసుకు రుజువు చూపమన్నారు. నేను బళ్లో చేరిన కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. ఇక జాతకమే గతి. తంగమ్మాళ్ గురించి తప్పుగా అనుకోవద్దు. ఆవిడ మహా గరుకు మనిషి. తడి గొడుగు లోపల పెట్టానని మొన్న నన్ను అరగంట వసారాలో నిలబెట్టింది. కషాయం తాగి మొహం చిట్లిస్తే ఇంకో గ్లాసు పోస్తుంది.

జాతకం త్వరగా పంపు. లేకపోతే ఆఫీసువాళ్లు నేను పుట్టనే లేదంటారు.

నీ తమ్ముడు,
అప్పాసామి

తా.క.: చీర మరువకు. నీలం దొరక్కపోతే లేతపచ్చ. రెండూ నప్పుతాయి. అంటే, ఎవరికైనా.

*

కోవిల్‌పట్టి
పంగుని నెల 9

చిరంజీవి అప్పాసామికి అక్క దీవెనలు.

ఆఫీసు పని అంటివి గనుక ఒప్పుకొంటిని. రైలెక్కి విరుదునగరం పోతిని. మన ఇంటి జాతకాలన్నీ అక్కడ నల్లసామి జోస్యుడి దగ్గర ఉన్నవి గదా. ఆయన చేత నకలు రాయించి, లక్కముద్ర వేయించి దీనితో పంపుతున్నాను. నువ్వు ముద్ర విప్పగూడదు. సొంత జాతకం సొంత చేత్తో విప్పితే దోషమట. అట్లానే తీసుకుపోయి ఆఫీసులో ఇయ్యి.

నీ అక్క,
నాగమ్మాళ్

తా.క.: చీర పంపలేదు. ఆఫీసు చీర కట్టదు గదా.

*

హట్టన్
పంగుని నెల 20

అక్కకు అప్పాసామి ఏడవలేక నవ్వుతూ రాసేది.

నీ మాట నమ్మి, ముద్ర విప్పకుండా ఇవ్వవలసిన చోట ఇచ్చాను. చదివినవారు నన్ను నెత్తి నుంచి పాదాల దాకా రెండుసార్లు చూశారు. ఆ జాతకం ప్రకారం నాకు అరవైనాలుగేళ్లు. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఆరు కాన్పులు, ఆరూ సుఖప్రసవాలు! అక్కా, అది నీ జాతకం! పొరపాటున పంపావో, కావాలని పంపావో నీ మనసుకు తెలియాలి.

నన్ను మనిషిగా చూసేచోట నవ్వులపాలయ్యాను. ఈ చిక్కు తీరకపోతే ఈ ఊళ్లో నా బతుకు నిలవదు. వెంటనే అసలు జాతకం పంపు.

అప్పాసామి

తా.క.: చదివినవారు మూడు రోజులుగా నవ్వుతూనే ఉన్నారు.

*

కోవిల్‌పట్టి
చిత్తిరై నెల 1

నా తండ్రీ అప్పాసామీ,

కావాలనే పంపితినిరా. ఆఫీసు అన్నది నువ్వు కట్టిన కథ అనుకొంటిని. ఆ మంత్రసాని చదివి, ఈ ముసలి జాతకం నాకొద్దని పారిపోతుందని పంపితిని. నిజంగా ఆఫీసులో ఇస్తావని నేనేమి కంటిని? నా దుడుకుతనంతో నీ అన్నం పడగొడితిని. మూడు రోజులుగా నాకు ముద్ద దిగలేదు.

జోస్యుడేమో పెండ్లికి కారియాపట్టి పోయినాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకని జాతకం కాదు, నేనే వస్తున్నాను. నువ్వు పుట్టినప్పుడు నాకు ఆరేండ్లు. గడప బయట వేడినీళ్ల చెంబు పట్టుకొని నిలబడితిని. "మొగబిడ్డ!" అని లోపలినించి అరవగానే చెంబు వదిలేస్తిని. కాలిన మచ్చ పాదం మీద ఇంకా ఉంది. దొరకు చూపిస్తాను. అంతకంటే రుజువు ఏ కాగితంలో ఉంది?

శుక్రవారం బయలుదేరుతాను. రైలూ పడవా నాకు కొత్త గాదు. రైలు ఎక్కితిని. పడవ ఇప్పుడు ఎక్కుతాను.

నీ అక్క,
నాగమ్మాళ్

*

కోవిల్‌పట్టి
చిత్తిరై నెల 11

అక్కకు, నీ ఇంటి తిన్నె మీద కూర్చొని అప్పాసామి గాభరాగా రాసేది.

నీ దగ్గర్నించి జవాబు లేకపోయేసరికి జాతకం నేనే తీసుకుపోదామని వచ్చాను. వస్తే తలుపుకు తాళం. పక్కింటి కందసామి బయటికి వచ్చి, "ఏమయ్యా, అక్క ఆఫీసులో సాక్ష్యం చెప్పి పాదం మచ్చ చూపిస్తానని సిలోను పోయె, నువ్వు ఈడికి వస్తివి! దోవలో చూసుకోలేదా?" అన్నాడు. పడవ ఎక్కేవాళ్లకు రోగాలున్నాయేమో చూసే మండపం క్యాంపులో నిన్ను ఐదు రోజులు నిలిపి ఉంటారు. నేను ఎక్కిన రైలు ఆ క్యాంపు పక్కనించే వచ్చింది. నేను నిద్రపోతున్నాను.

కందసామి దగ్గర తాళంచెవి తీసుకొని తూర్పు గదిలో దిగాను. సున్నం ఇంకా తెల్లగా ఉంది. కిటికీలోంచి చూస్తే నల్లరేగడంతా కనిపిస్తోంది. నువ్వు మంచం కూడా వేసిపెట్టావు.

అక్కా, ఒక్కటే వేడుకోలు. ఆఫీసుకు మాత్రం పోవద్దు. ఎవరికీ సాక్ష్యం చెప్పవద్దు. తంగమ్మాళ్‌తో వాన గురించి తప్ప ఏమీ మాట్లాడవద్దు.

అప్పాసామి

తా.క.: పాదం ఎవరికీ చూపించవద్దు.

*

హట్టన్, సిలోన్
చిత్తిరై నెల 22

దొంగ అప్పాసామిని అక్క నాగమ్మాళ్ దీవించి, చెవి మెలేసి రాసేది.

నీ జాబు అందేసరికి అన్నీ ముగిసిపోయినవి. దిగిన మరునాడే ఆఫీసుకు పోతిని. పెద్ద గుమస్తా మన సీమ అరవవాడే. నువ్వు పుట్టిన కథ మొదటినించీ చెప్పి, పాదం చూపిద్దామని బల్ల మీద పెడితే పాపం లేచి నిలబడినాడు. "అమ్మా, ఆయన వయసు రుజువు మేము అడగనే లేదు. కాగితాలన్నీ ఎప్పుడో సరిచూసినాము" అన్నాడు. నేను బల్ల మీద పాదం అట్లానే పెట్టుకొని నిలబడితిని.

ఇంటికి వచ్చి తంగమ్మాళ్‌ను అడిగితిని. ఆమె పెట్టె తెరిచి నా జాతకం తీసి చేతిలో పెట్టె. "పెండ్లి మాట ఆయనే ఎత్తె. జాతకాలు కలిస్తే చూద్దామంటిని. ఆయన ఇది తెచ్చె" అని కండ్లలో నీళ్లు వచ్చేటట్టు నవ్వె. మన తెలుగు మాటలోనే చెప్పె! ఆమె నాయన అరుప్పుకోట్టై మగ్గం మనిషట. నువ్వు ఆ సంగతి ఒక్క జాబులోనూ రాయలేదు. రాస్తే నేను కులం ఎత్తుతానని గదా? ఎత్తేదాన్నే. ఊరికి రాకుండా నిన్ను ఆపేవాళ్లు ఎవరైనా నాకు పగవాళ్లే అనుకొంటిని.

అయితే మండపంలో పట్టిన జ్వరం ఆ రాత్రే ముదిరె. ఆమె ఎనిమిది దినాలు నా పక్కనే కూర్చొని గంజి పోసె. నేను కసిరితే తిరిగి కసిరె. నన్ను కసిరినవాళ్లు నాయన పోయినాక ఎవరూ లేరు. నాకు నచ్చె.

"ఈ జాతకం చూసినాక గూడా ఒప్పుకొంటివా?" అంటిని. "ఆరు కాన్పులున్నా భయం లేదక్కా, నేను మంత్రసానిని" అనె.

వచ్చే వైకాసి నెలలో ముహూర్తం పెట్టించు. తాళి విరుదునగరంలో చేయించు. నీలం చీరా, లేతపచ్చ చీరా రెండూ తీసుకో. కులం గురించి కందసామి నోరెత్తితే, అక్క ఒప్పుకొనె అని చెప్పు. వాడికి అది చాలు.

నీ అక్క,
నాగమ్మాళ్

తా.క.: పెండ్లయినాక నేను వెంటనే ఊరికి రాను. ఈ వీధిలోనే ఎదురింట్లో రెండు గదులు చూసుకొంటిని. మన ఊళ్లో మాదిరి ఇక్కడ పొద్దున్నే ఎవరూ తగాదా తీర్చమని తలుపు తట్టరు. సుఖంగా ఉంది.

మరో తా.క.: చలికి నీ స్టోరుకీపరు కోటు తొడుక్కొని సంతకు పోతున్నాను. పూలమ్మే ఆమె నాకు లేచి దండం పెట్టె. నువ్వు వేరే కుట్టించుకో.