కానుగ కషాయం

తార్నాక,
మంగళవారం

ప్రియమైన నాన్నగారికి,

పొద్దుటి నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చించేయడం, క్యాంపస్ గేటు దాకా నడిచి టీ తాగి రావడం, ఇదే పని. కాలు ఒకచోట నిలవడం లేదు. పళ్ళు కదిలి మాట సరిగ్గా రావడం లేదని మీరు ఫోన్లో మాట్లాడటం మానేశారు కాబట్టి రాయక తప్పదు.

తమ్ముడు బెన్నీ నిన్న ఊరి నుంచి వచ్చి అంతా చెప్పాడు. మజ్జిగన్నం తప్ప తినలేకపోతున్నారట. చిగుళ్ళలోంచి చీము వస్తోందట. చర్చిలో వాక్యం చదవడం కూడా మానుకున్నారట. డాక్టరు దగ్గరికి పదమంటే "మా హన్నా మందు కనిపెడుతోందిగా, ఆగండి" అంటున్నారట. పైగా కానుగ పుల్లలు కాచి, సంఘంలో పెద్దవాళ్ళందరి చేతా పుక్కిలి పట్టిస్తున్నారట! నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నేనొక ఫొటో చూపించాను, గుర్తుందా? గాజు పళ్ళెంలో కానుగ సారం చుట్టూ నోటి క్రిములన్నీ చచ్చిన ఫొటో. మీరు దాన్ని ఇంటింటికీ తిప్పారు. ఆ ఫొటో నిజమే నాన్నా. కానీ నోట్లో క్రిములు అలా విడివిడిగా ఉండవు. పంటి మీద జిగురు పొర కట్టుకుని లోపల దాక్కుంటాయి. గాజు ముక్క మీద అలాంటి పొర పెంచి నా సారం పోశాను. పైనున్నవి చచ్చాయి, లోపలివి హాయిగా బతికాయి. ఇక మీ పళ్ళకి గార రాయిలా పట్టి ఉంటుంది. దాన్ని డాక్టరు గీకి తీయాల్సిందే, ఏ కషాయానికీ రాదు.

ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే స్నిగ్ధ "గట్ల మొఖం పెట్టకే. ఒక్కసారి ఫెయిలైతే ఏమైతది? మళ్ళ చేద్దాం తియ్" అంది. మా గైడు పద్మావతి మేడమ్ మాత్రం "పళ్ళెం రిజల్టుతో థీసిస్ అయితది, నోటికి పనికి రాదు" అన్నారు. నాకైతే నెలాఖరుకి అన్నీ వదిలేసి ఏదైనా స్కూల్లో చేరిపోవాలని ఉంది. నా మందు కోసం చూస్తూ మీ పళ్ళు ఊడిపోతుంటే ఆ ల్యాబ్‌లో ఎలా కూర్చోను? కోపంగా ఉంది నాన్నా, మీ మీద, కానుగ మీద, నా మీద కూడా. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నా దగ్గర మందు లేదు.

మీ
హన్నా


తెనాలి,
సోమవారం

తల్లీ హన్నా,

నీ ఉత్తరం మీ అమ్మ ఇరుగుపొరుగు వినేలా చదివింది. ఆ పూటే నన్ను ఆటో ఎక్కించింది. కదులుతున్న రెండు ముందు పళ్ళూ తీసేశారు, మిగతావాటికి గార గీకారు. ఇంకా కొన్నిసార్లు రమ్మన్నారు. నొప్పి నేను భయపడినంత లేదు.

ఒక సంగతి చెప్పాలి. నేను నీ మందు కోసం ఆగానని అందరూ అనుకున్నారు, నువ్వూ అనుకున్నావు. అది కాదమ్మా. నాకు ఆ పళ్ళ డాక్టరు కుర్చీ అంటే భయం. చిన్నప్పుడు మా నాన్నకి పన్ను పీకుతుంటే కాళ్ళు పట్టుకున్నది నేనే. ఇంతమందికి చదువు చెప్పిన మాస్టారు భయమని ఎలా చెప్తాడు? నీ పేరు అడ్డం పెట్టుకున్నాను. బిడ్డ మీద ఎంత నమ్మకమో అని జనం మెచ్చుకున్నారు కూడా. నా పిరికితనానికి నువ్వు చదువు మానేస్తానంటే ఎలా?

పుక్కిలి పట్టించడం ఆపేశాను. ఆదివారం వాక్యం నేనే చదివాను. గాలి ఎక్కువ, మాట తక్కువ వచ్చింది. మీ అమ్మ ఒక్కతే నవ్వింది.

ఈ ఉత్తరం కొరియర్‌లో ఎందుకు పంపానంటే, లోపల ఒక చిన్న సీసా ఉంది. డాక్టరు నా పళ్ళు పారేయబోతే అడిగి తీసుకున్నాను. ఎందుకండీ అన్నాడు. మా అమ్మాయికి అన్నాను. నవ్వి, ఏదో మందునీళ్ళలో వేసి మూత బిగించి ఇచ్చాడు. గాజు ముక్క మీద పోశానన్నావుగా. ఇవి అసలైనవి, గారతో సహా ఉన్నాయి. మానేసే ముందు వీటి మీద పోసి చూడు.

మీ నాన్న,
సుందరరావు