డాక్టరమ్మ సంతకం

సాంతా క్లారా
మంగళవారం

యమిలాకు,

మీ అక్క పోయి నాలుగు నెలలైంది. నిన్న నేను చేసిన పని నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

పొద్దున ఇన్‌స్పెక్టర్ రెయినేరియో తలుపు కొట్టాడు. ఏడాదిగా వేరే ఊళ్లో ఉన్నాడు, అతనికి ఏమీ తెలియదు. మీ అక్క ఇంట్లో చాటుగా ఎవరి కుక్కకో వైద్యం చేస్తుండగా అతను తనిఖీకి వస్తే, సూదిమందులు దిండు కింద దాచి పడుకునేది. నేను రేడియో పెంచి, ఆమెకు జ్వరమని చెప్పేవాణ్ణి. పదిహేనేళ్ల అలవాటు. నిన్న కూడా నా చెయ్యి రేడియో మీదికి పోయింది. "ఓదాలిస్‌కు జ్వరం, పడుకుంది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

అతను నవ్వాడు.

"చాల్లెండి మాస్టారూ! ఆ జ్వరం సంగతి మా ఆఫీసంతటికీ తెలుసు. మా ఆవిడ పిల్లికి కాలు విరిగితే కట్టు కట్టిందెవరనుకున్నారు? లేపండి. పశువైద్యులు ఇంట్లో కుక్కల్నీ పిల్లుల్నీ చూడ్డం ఇక నేరం కాదు. పేరు నమోదు చేయించుకుంటే బోర్డు కూడా పెట్టుకోవచ్చు. మొదటి దరఖాస్తు డాక్టరమ్మకే తెచ్చాను."

నేను దరఖాస్తు అందుకుని రేడియో ఇంకాస్త పెంచాను.

"పోనీ, పడుకోనివ్వండి. గురువారం వచ్చి సంతకం తీసుకుంటా" అని, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లాడు.

దరఖాస్తు మీద ఆమె పేరు అతనే రాసుకొచ్చాడు. ఆమె పోయిందని నేనింతవరకు ఎవరికీ నోటితో చెప్పలేదు. నేను చెప్పకుండానే వీధంతా తెలుసుకుంది. ఉత్తరంలో రాయగలుగుతున్నాను కానీ పైకి అనలేకపోతున్నాను.

ఈ ఉత్తరం ఇవాళే నీకు చేరేలా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రేపటి బస్సుకు రా. అతనికి నువ్వు చెప్పు. నేను పక్కన నిలబడతాను.

నీ బావ