అత్తయ్య సాక్ష్యం

జూన్ 9

కోర్టులో ఇవాళంతా నా నైట్ డ్యూటీల మీదే నడిచింది. ఆస్పత్రి ల్యాబ్‌లో రాత్రంతా పనిచేసే మనిషి పిల్లనేం చూసుకుంటుందని ఆయన లాయర్ అడిగాడు. ఆయనకి సొంతిల్లుంది, ఇంట్లో అత్తయ్య ఉంది. నాకు? ఒక అద్దె గది. ఏడేళ్ళ బుడ్డది.

జూన్ 10

నాన్న కొడతాడని బుడ్డదానితో చెప్పించమంది అక్క. ఆయన ఏనాడూ చెయ్యెత్తలేదు. మా లాయరమ్మకి చెబితే కయ్యిమంది. నేర్పిన మాటల్ని జడ్జిగారు ఇట్టే పసిగడతారట. వాళ్ళు చూసేది మొగుడూ పెళ్ళాల్లో ఎవరు మంచివాళ్ళని కాదట, పిల్ల ఎక్కడ బాగుంటుందని.

జూన్ 23

జడ్జిగారు బుడ్డదాన్ని ఒక్కదాన్నే తన గదిలోకి పిలిచి తలుపు వేయించారు. నేనో బెంచీ మీద, ఆయనో బెంచీ మీద. ఇద్దరం ఆ తలుపునే చూస్తూ కూచున్నాం. బుడ్డది బయటికొచ్చి ఆకలేస్తోందంది. లోపల ఏమడిగారో నేను అడగలేదు. ఆయనా అడగలేదు.

జూలై 4

అన్నం సయించడం లేదు.

జూలై 7

అత్తయ్య బోనెక్కింది. కొడుకు తరఫు సాక్షి.

పిల్లని మీరు చూసుకోగలరా అని జడ్జిగారు అడిగారు. ప్రాణంలా చూసుకుంటానంది. మరి తల్లి ఎలా చూసుకునేదని అడిగారు. అత్తయ్య కాసేపు కొంగు నలుపుకుంది.

"డ్యూటీ దిగొచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా దానికి జడలేసి, బడికి పంపాకే పడుకునేదండీ."

ఎండాకాలం సెలవుల్లో వాళ్ళింట్లో ఉన్నప్పుడు పిల్లకి జ్వరమొస్తే అమ్మనే కలవరించిందట. తను ఒళ్ళో పెట్టుకున్నా ఊరుకోలేదట.

"దాన్ని తల్లి దగ్గరే ఉంచండి బాబూ."

ఆయన లాయర్ నెత్తి పట్టుకున్నాడు. వరండాలో ఆయన వాళ్ళమ్మ మొహం చూడలేదు. అత్తయ్య ఒక్కతే బస్సెక్కి వెళ్ళిపోయింది. పరుగెత్తి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. బస్సు వెళ్ళేదాకా వరండాలోనే ఉన్నాను.

జూలై 28

తీర్పొచ్చింది. బుడ్డది నా దగ్గరే. ఆదివారాలు, సెలవుల్లో సగం ఆయన దగ్గర. నా డ్యూటీ రాత్రుళ్ళు అక్క వచ్చి తోడు పడుకోవాలి.

గెలిచామని అక్క ఒకటే హడావుడి. ఆయన కోర్టు మెట్ల మీద కూలబడి షూ లేసు కట్టుకుంటూనే ఉన్నాడు. ఎంతసేపో. ఇంక నాకు సంతోషం ఎక్కడిది?

ఆగస్టు 3, ఆదివారం

ఆయన బుడ్డదాన్ని తీసుకెళ్ళాక అత్తయ్య వచ్చింది, ఒక్కతే.

బుడ్డది లేదత్తయ్యా అన్నాను.

తెలుసమ్మా, అంది. చెప్పులు విప్పింది.